అక్క జడలో చిక్కు

మా అమ్మ జడ వేస్తే తుపాను గాలికి కూడా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సముద్రం ఒడ్డున బతికే ఆడవాళ్లకు జడ సింగారం కాదు, కాపుదల. అల్లూరు నుంచి తూర్పుగా నడిచి, ఉప్పుమళ్లు దాటి, సరుగుడు తోపు దాటితే మా పల్లె వచ్చేది. ఏడాదిలో సగం రోజులు ఇసుక ఎగిరి తలలో పడుతుండేది. చేపలు ఎండబెట్టే కాలంలో పొలుసులు, ఉప్పు, నీచు వాసన అన్నీ వచ్చి వెంట్రుకలనే పట్టుకునేవి. జుట్టు విరబోసుకుని తిరిగే పిల్ల కనిపిస్తే, దీనికి అమ్మ లేదా అని అడిగేవాళ్లు మా పల్లెలో.

శుక్రవారం పొద్దున తలంటు. ముందురోజు సాయంత్రమే ఆముదం పట్టించి మాడు మీద అరచేత్తో చరిచేది అమ్మ. కుంకుడు రసం కళ్లలో పడి నేను ఏడిస్తే, కళ్లు మూసుకోవడం చేతకాదు గానీ నోరు తెరవడం బాగా చేతనవుతుందని తిట్టేది. తల ఆరాక ఈరుపెనతో పేలూ ఈర్లూ తీసి, వేపనూనె కలిపిన కొబ్బరినూనె వేలితో కుదుళ్లకు అంటించి, అప్పుడు జడ. మొదట్లో వదులుగా పట్టి, మెడ దాటాక బిగించేది. మొదట్లోనే బిగిస్తే మాడు పుండు పడుతుందని, నుదుటి మీది వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడి వస్తాయని ఆమె నమ్మకం. చివరికి జడను పైకి మడిచి, పాత చీర పేలికతో చుట్టి కట్టేది. మళ్లీ శుక్రవారం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ పేలిక అంటే నాకు ఒళ్లుమంట. రిబ్బన్లు కట్టుకున్న అల్లూరు పిల్లలను చూసి కుళ్లుకునేదాన్ని.

మేం ముగ్గురం ఆడపిల్లలం. అక్కకు పదిహేనేళ్లు దాటాయి. కూర్చుంటే నేలకు తగిలే జుట్టు దానిది. నేను నడిమిదాన్ని, ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. చెల్లెలికి నాలుగేళ్లు. దాని జుట్టు ఎండకూ ఉప్పుగాలికీ తుప్పురంగు తిరిగి, పట్టుకుంటే మెత్తగా జారిపోయేది. జడకు అందేది కాదు. అయినా అక్కకు వేసినట్టే నాకూ వేయమని అమ్మను సతాయించేది. అక్క పక్కలో తప్ప ఇంకెక్కడా పడుకునేది కాదు. దాని తల అక్క తలకు ఆనించి ఉండాలి, అప్పుడే నిద్ర. నేను పిలిస్తే మాత్రం వచ్చేది కాదు. నాకు కోపంగా ఉండేది.

నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. ఆ ఎండాకాలం మా పల్లెలో పెద్దమ్మవారు పోసింది. మశూచి అనే మాట మాకు తెలియదు, తెలిసినా పైకి పలికేవాళ్లం కాదు. టీకాలు వేసే మనిషి వస్తే పిల్లలను బోర్లించిన పడవల కింద దాచిన పల్లె మాది. నాయన అప్పటికే జతగాళ్లతో కలిసి పులికాట్ వైపు వేటకు పోయి ఉన్నాడు. ముందు చెల్లెలికి ఒళ్లు కాలింది, వెనకే అక్కకు. అమ్మ నన్ను అల్లూరులో అవ్వ దగ్గరికి తోలేసింది. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, ఆ ఇద్దరితో తానొక్కతే లోపల ఉండిపోయింది. అమ్మవారున్న ఇంట్లోకి ఇరుగుపొరుగు అడుగుపెట్టరు.

అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాలింపు వేయకూడదు. తలకు నూనె పెట్టకూడదు. దువ్వెన అసలే ముట్టకూడదు. ఒంటి మీది పొక్కులన్నీ ఆమె ముత్యాలు, దువ్వెన పళ్లు తగిలితే ఆమెకు తగిలినట్టే. పొక్కులు ఎండి, వేపాకు వేసి కాచిన నీళ్లు తలకు పోసేదాకా జుట్టు ఎట్లా ఉంటే అట్లాగే ఉండాలి. మా అమ్మ ఈ నియమాలలో ఒక్కటి కూడా తప్పలేదని తర్వాత పల్లెంతా చెప్పుకున్నారు.

నేను తిరిగి వచ్చేసరికి గుమ్మానికి కట్టిన వేపమండలు ఎండి రాలుతున్నాయి. చెల్లెలు లేదు. ఎక్కడుందని అడిగితే అమ్మవారు తీసుకుపోయిందని చెప్పింది అమ్మ. ఎక్కడికని అడిగితే సరుగుడు తోపు వైపు చూపించింది. నేను ఆ వైపు చూశాను. చెట్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు ఏడవాలని కూడా నాకు తెలియలేదు.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం నిండా గుంటలు. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తలకు నీళ్లు పోయడం అయిపోయింది గానీ దువ్వడం కాలేదు, దువ్వడం ఎవరి వల్లా కాదు. జ్వరంలో దొర్లి దొర్లి, చీమూ చెమటా పసుపూ వేపాకూ కలిసిపోయి, ఎడమ చెవి వెనక నుంచి మెడ దాకా జుట్టంతా ఒకటే ముద్దయిపోయింది. చేత్తో పట్టుకుంటే మోకు చుట్టను పట్టుకున్నట్టు గట్టిగా, బరువుగా ఉండేది. కుడివైపు మాత్రం మామూలు జుట్టు.

అమ్మవారి గుడిలో పూజలు చేసే ముసలామె వచ్చి చూసి, దండం పెట్టింది. ఒక బిడ్డను తీసుకుపోతూ ఇంకొక బిడ్డ తల మీద తన జడ వదిలిపెట్టి పోయిందని, ఇక ఈ పిల్ల అమ్మోరి మనిషని చెప్పింది. దువ్వెన తగిలించకూడదు, కత్తి అసలే పెట్టకూడదు. వచ్చే జాతరలో అమ్మవారి పేరున పసుపుతాడు కడితే ఆ తర్వాత పెళ్లీ ఇల్లూ ఏమీ ఉండవు, బతికినన్నాళ్లూ ఆ జడ మోయడమే. దువ్వెన ముట్టకూడదని చెప్పిందీ వాళ్లే, దువ్వకపోతే జడ కట్టిందని దండం పెట్టిందీ వాళ్లే. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వాలో కొట్టాలో తెలియదు. అప్పుడు మాత్రం అందరికంటే ముందు చేతులు జోడించింది నేనే.

ఆ రోజు నుంచి అక్కను చూడటానికి జనం రావడం మొదలైంది. తెప్పలు నీళ్లలోకి తోసే ముందు మగవాళ్లు వచ్చి, ఇవ్వాళ ఏ దిక్కు పోవాలని అడిగేవాళ్లు. అక్క ఏమీ చెప్పేది కాదు. తల దిమ్ముగా ఉండి అటో ఇటో వాల్చేది. తల ఎటు వాలితే అటు పోయేవాళ్లు. ఒకసారి చేపలు విరగబడ్డాయి. ఆ తర్వాత మా ఇంటి ముందు టెంకాయల పీచు గుట్టలు పడింది. నిన్నటిదాకా అక్కను పేరు పెట్టి పిలిచి ఆటపట్టించిన ఆడవాళ్లు ఇప్పుడు దాని కాళ్లకు పసుపు రాసేవాళ్లు. దాని ఈడు పిల్లలు ఆడుకోవడానికి రావడం మానేశారు.

అక్కకు అది వద్దు. ఆ మాట అక్క నాతో ఎన్నోసార్లు అంది. ముద్ద కింద మాడు పుండ్లు పడింది. తడి ఆరేది కాదు. చీము వాసన వచ్చేది, ఈగలు వదిలేవి కావు. పేలు చర్మం మీద పాకుతుంటే వేలు దూర్చి గోక్కోవడానికి కూడా వీల్లేదు. గుంజకు తల కొట్టుకునేది. పక్కన పడుకుంటే, ఎవరో తన తల మీద తల పెట్టి పడుకున్నట్టుందని, అటు తిరిగితే వాళ్లూ తిరుగుతున్నారని చెప్పేది. ఆ ముద్ద లోపల అమ్మవారు కళ్లు తెరుచుకుని కూర్చుందని, నేను నిద్రపోతే నన్ను చూస్తుందని నాకు గట్టి నమ్మకం. చాప చివరికి జరిగి, చేతులు కాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని.

నా భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్క ఒకరోజు కత్తెర అడిగిందని తెలిసి అమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. నా రెండు భుజాలు పట్టుకుని, "అక్క తలకు కత్తి తగిలిందంటే ఈసారి అమ్మోరు నీకోసం వస్తాది. అది ఎంత ఏడ్చినా సరే, కత్తీ కత్తెరా దాని చేతికి అందనీయమాకు" అంది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే నా మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. నా ఒళ్లు చల్లగా ఉంటేనే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అక్క తల మీదున్నది నా ప్రాణమని నాకు అర్థమైంది. అక్కకూ అర్థమైంది. మళ్లీ కత్తెర అడగలేదు.

నాయన పులికాట్ నుంచి వచ్చింది అంతా అయిపోయాక. చెల్లెలు పోయిన సంగతి ఆయనకు దారిలోనే ఎవరో చెప్పారట. ఇంటికి రాకుండా నేరుగా తోపులోకి పోయి, పొద్దుగూకాక వచ్చాడు. అక్క తల మీది ముద్దను ఒకసారి చేత్తో తడిమి చూశాడు. కొన్నాళ్లకు వాసన భరించలేక అల్లూరులో కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయాడు. మాడు కుళ్లుతోందని, జుట్టు మొత్తం తీసేసి మందు రాయకపోతే పురుగు పడుతుందని ఆయన చెప్పాడట. ఆ మాట విని అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కత్తి పెడితే తాను సముద్రంలో పడతానంది. పల్లె పెద్దలు కూడా అమ్మ వైపే. జాతర దగ్గర పడుతోంది.

నాయన వాదించే మనిషి కాదు. మర్నాడు వేట నుంచి రాగానే, వలలు ఆరేసే పందిరి కింద చాప వేసి అక్కను కూర్చోబెట్టాడు. పక్కన కొబ్బరినూనె చిప్ప, వల బాగుచేసే కొయ్యసూది. ఆడవాళ్లు గుమిగూడారు. మగవాడు, అందులోనూ తండ్రి, ఎదిగిన ఆడపిల్ల తల ముట్టుకోవడం మా పల్లెలో ఎవరూ ఎరగరు. గుడి ముసలామె అడ్డం వచ్చింది. నాయన ఆమెకు దండం పెట్టే అన్నాడు: "కత్తి పెట్టకూడదన్నావు, పెట్టను. విప్పకూడదని నువ్వు అనలేదు. అమ్మోరు వేసిన ముడైతే నా వేళ్లకు విడిపోదు గదా. నా బిడ్డ జుట్టైతే విడిపోతాది."

ముసలామె పక్కకు జరిగింది. ఎట్లా విడిపోతుందో చూద్దామని అందరూ అక్కడే కూలబడ్డారు.

వలకు చిక్కు పడితే మా వాళ్లు లాగరు. లాగితే ముడి బిగుసుకుంటుంది. వదులుగా ఉన్న పోగు ఒకటి దొరికేదాకా అంచు పొడుగునా వెతికి, దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపుతారు. నాయన అక్క తలను అట్లాగే చూశాడు. ముద్దంతా నూనెతో నానబెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి, కొయ్యసూది మొనతో పోగు తర్వాత పోగు వదిలించాడు. ఒక పాయ విడిపోతే అది మళ్లీ కలవకుండా వెంటనే సన్నగా జడ అల్లి దారంతో కట్టేసేవాడు. పుండు దగ్గరికి వస్తే ఆగి, వేపాకు నీళ్లతో తడిపి, అక్క ఊపిరి తీసుకునేదాకా ఆగేవాడు. పొద్దున వేట, ఎండ ఎక్కాక అక్క తల. రోజులు గడిచాయి. ఇసుక రాలింది, వేపపుల్లలు వచ్చాయి, పొక్కుల చెక్కులు, చచ్చిన పేలు వచ్చాయి. అమ్మవారు మాత్రం రాలేదు. చూసి చూసి విసుగెత్తి, కొందరు ఇంటిదారి పట్టారు.

నేను ఎక్కడికీ పోలేదు. నాయన విప్పుతున్న ఒక్కొక్క ముడికీ నా ఒళ్లు వేడెక్కుతుందేమోనని నా మెడ నేనే తడుముకుంటూ కూర్చునేదాన్ని. పచ్చి చింతకాయలు తిని ఒకరోజు కడుపునొప్పి వస్తే, ఇక అయిపోయిందనుకుని నోరు మూసుకుని ఒక మూల పడుకున్నాను. సాయంత్రానికి తగ్గింది. బతికానని ఎవరికీ చెప్పుకోలేక తోపు వైపు పరుగెత్తి, మళ్లీ తోపును చూసి భయపడి వెనక్కి పరుగెత్తాను.

అమ్మ పందిరి దగ్గరికి రాలేదు. ఇంట్లోనే ఉండి అక్కడి నుంచే చూసేది. ముద్ద తరిగేకొద్దీ ఆమె అన్నం తినడం కూడా తరిగింది. నాకోసం భయపడుతోందని అనుకున్నాం. చివరికి చెవి వెనక నిమ్మకాయంత ముద్ద మిగిలింది. అప్పుడు బయటికి వచ్చింది. నాయన చెయ్యి పట్టుకుని, "ఇంక చాలు. ఇంత విడిపోయింది గదా, ఆ కాస్త దానికి ఉండనీ" అంది. ఆమె అట్లా బతిమాలడం నేను ఎన్నడూ వినలేదు. నాయన ఆమె చెయ్యి మెల్లిగా తీసి పక్కన పెట్టాడు. పుండంతా ఆ కాస్త కిందనే ఉందన్నాడు.

ఆ ముద్ద నడుమ నుంచి ఒక పాయ వచ్చింది. నాయన దాన్ని నూనెతో తడిపి వేళ్ల మధ్య సాగదీశాడు. అది అక్క జుట్టు కాదు. సన్నగా, జానెడు పొడుగున, తుప్పురంగులో ఉంది. దాన్ని పట్టి ఉంచే కుదురు అక్క తల మీద ఎక్కడా లేదు. రెండో కొస అన్ని వెంట్రుకలకూ ఒక్కచోటనే ఆగిపోయింది, సమంగా. తెగిన తాడేదో కోసిన తాడేదో చూడగానే చెప్పే మనిషి నాయన.

"ఇది కోసిన కొస. ఎవురు కోసినారు?" అన్నాడు.

"నేనే," అంది అమ్మ. "చేపలు కోసే కత్తితో."

తర్వాత ఆమె నిలబడే ఉండి చెప్పింది. ఇద్దరూ ఒకే చాప మీద, తలలు ఆనించుకుని పడుకున్నారు. వేరుగా పడుకోబెడితే చిన్నది ఏడ్చేది. దువ్వెన ముట్టకూడదు, వేళ్లు కూడా పెట్టకూడదు. చూస్తుండగానే ఇద్దరి జుట్టూ ఒకటైపోయింది. తెల్లవారుతుండగా చిన్నదాని ఒళ్లు చల్లబడింది. అక్కకు ఒంటి మీద తెలివి లేదు. చిన్నదాన్ని ఎత్తబోతే అక్క తల కూడా వెంట వచ్చింది. రెండోసారి ఎత్తినా అంతే. పల్లె పెద్ద బయట నిలబడి, ఎండ ఎక్కకముందే తోపుకు తీసుకుపోవాలని తొందర పెడుతున్నాడు. అమ్మవారున్న ఇంట్లో కత్తి తీయకూడదని తెలిసీ తీసింది. అమ్మవారికి కత్తి తగిలించిన పాపం మిగిలిన బిడ్డనైన నా మీదికి వస్తుందని ఆ రోజు నుంచి వణుకుతూనే ఉంది. కానీ ఆ ముద్దను ఉండనిచ్చింది అందుకు కాదంది. ముసలామె దండం పెట్టినప్పుడు తనకు సంతోషమే కలిగిందట. చిన్నదానిది అంటూ మిగిలింది అదొక్కటే, దాన్ని ఇక ఎవరూ తీసేయలేరని.

నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే నేను చూడటం అదే మొదలు.

అక్క తల ఎత్తి, ఎన్నో వారాల తర్వాత మెడ నిటారుగా పెట్టి, అమ్మ వైపు చూసింది. దాని మొహంలో కోపం కంటే ఎక్కువ ఇంకేదో ఉంది. "నాతో చెప్పుంటే మోసుండేదాన్ని కదమ్మా," అంది. "అది నా చెల్లెలు. అమ్మోరని చెప్పి ఎందుకు మోయించినావు?"

అమ్మ నాయన అరచేతిలో ఉన్న ఆ పాయ కోసం చెయ్యి చాపింది. అంతకుముందే అక్క దాన్ని తీసుకుని పిడికిలి మూసింది. అమ్మ చాపిన చెయ్యి అట్లాగే ఉంది. అక్క లేచి, నూనె కారుతున్న తలతో, ఎవరూ వెంట రావద్దని చెప్పి, ఒడ్డు పొడుగునా నడిచి వెళ్లిపోయింది. చీకటి పడకముందే తిరిగి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

పసుపుతాడు ఎవరూ కట్టలేదు. పుండు మానింది. చెవి వెనక అరచేయంత మేర మళ్లీ వెంట్రుక మొలవలేదు, దాన్ని కప్పేటట్టు పక్కపాపిట తీసి జడ వేసుకోవడం అక్క నేర్చుకుంది. తర్వాత పెళ్లయింది, బిడ్డలు పుట్టారు. అమ్మతో బాగానే ఉండేది, కూర వండితే గిన్నెలో పెట్టి పంపేది. తల మాత్రం అమ్మ చేతికి మళ్లీ ఇవ్వలేదు. అమ్మ కూడా ఇమ్మని అడగలేదు. శుక్రవారాలు నా తల అంటింది అక్కే. మొదట్లో వదులుగా, మెడ దాటాక బిగించి, అచ్చం అమ్మలాగే వేసేది. అమ్మ గుమ్మంలో కూర్చుని ఆ చేతులనే చూస్తుండేది.

నాకు చెల్లెలి మొహం గుర్తులేదు. ఎంత తలుచుకున్నా ఆ పాయే కళ్ల ముందుకు వస్తుంది. ఇప్పటికీ తల దువ్వుకుంటుంటే, దువ్వెనకు చిక్కు తగిలిన చోట నా చెయ్యి ఆగిపోతుంది. లాగను. కాసేపు అట్లాగే కూర్చుంటాను. ఇంట్లోవాళ్లు నాకు చాదస్తమని నవ్వుకుంటారు.

అమ్మ చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేవలేకపోయేది. మనుషులను కలిపేసేది, పగలేదో రాత్రేదో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం మాత్రం నన్ను పేరు పెట్టి పిలిచి, దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగితే నా చెవిలో, "ఆ పాయను అక్క ఎక్కడ పెట్టిందో నీకేమన్నా చెప్పిందా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది నిజం. అక్క వసారాలోనే కూర్చుని, ఆమె కోసం బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అమ్మ ఆ వైపు కాసేపు చూసి, కళ్లు మూసుకుంది. అక్కను అడగలేదు.